చొక్కా జేబులో ఒక్క మౌతార్గాన్

మా పార్కులో జూలై రెండో ఆదివారం జరిగే బ్లూస్ పాటల కచేరీకి పొద్దున్న ఏడింటికే కుర్చీలు వేసేస్తారు. పాట మొదలయ్యేది మధ్యాహ్నం నాలుగింటికి. ఈలోగా ఎవరూ కాపలా ఉండరు. మడతకుర్చీ వేసి, వెనక టేపు అంటించి పేరు రాసి వెళ్ళిపోతే చాలు. షికాగోలో మా దక్షిణం వైపు జనం దేనికైనా పోట్లాడతారు గాని, ఒకరు వేసుకున్న కుర్చీని మాత్రం ముట్టుకోరు.

ముందు వరస లోరేనా బారు వాళ్ళది. ఆ బారు మూతపడి పదకొండేళ్ళయింది. అక్కడ కౌంటరు ముందు ఎవరు ఏ స్టూలు మీద కూర్చునేవారో, పార్కులో ఇప్పటికీ అదే వరసలో కుర్చీలు వేసుకుంటారు. ఎవరైనా పోతే వాళ్ళ చోటు ఖాళీగా ఉంచరు, పక్కవాళ్ళు జరుగుతారు. అలా జరిగి జరిగి ఈ ఏడు మా అన్నయ్య హోసియా సరిగ్గా మైకుకి ఎదురుగా వచ్చాడు. ఇరవై ఏళ్ళ క్రితమైతే ఆ చోటు కోసం ప్రాణం పెట్టేవాడు. ఈసారి మాత్రం పొద్దున్న కుర్చీ వేసి, దాన్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"కాస్త చివరికి వేసుకుంటే?" అన్నాడు.

"చివర ఎండ. వేసింది వేశాం, పద," అన్నాను నేను. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపినదాన్ని. ఎక్కినవాళ్ళు దొరికిన చోట కూర్చోవాలి, అదీ నా పద్ధతి.

అన్నయ్య భయం ఏమిటో నాకు తెలుసు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. పోయిన ఏడు మే నెలలో నోట్లో మిగిలిన పదకొండు పళ్ళూ తీయించుకుని కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. తీసేసినవాటిలో ముందరి బంగారు పన్ను కూడా ఉంది. మౌతార్గాన్ అంటే ఊదడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. సగం పని ఊపిరి లోపలికి లాగడం. కట్టుడు పళ్ళతో గట్టిగా లాగితే పై పలక జారి కింది పళ్ళ మీద పడుతుంది, టక్కుమని చప్పుడు. మొదటిసారి ఆ చప్పుడు వినగానే మౌతార్గాన్ని డబ్బాలో పెట్టేశాడు. ఆ తర్వాత పద్నాలుగు నెలలుగా నలుగురిలో వాయించలేదు. అడిగినవాళ్ళకి డాక్టరు వద్దన్నాడని చెప్పాడు. ఆ డాక్టరు ఎవరో నాకు కూడా తెలియదు.

కాని ఇంట్లో వాయిస్తాడు. మాది రెండంతస్తుల ఇల్లు, కింద అన్నయ్య, పైన నేను. రోజూ పొద్దున్నే స్నానాల గది తలుపు వేసుకుని, పళ్ళు తీసి గ్లాసులో పెట్టి మరీ వాయిస్తాడు. ఆ పాట నీళ్ళ గొట్టం వెంబడి నా వంటింట్లోకి ఎక్కి వస్తుంది. నిజం చెప్పాలంటే పళ్ళు లేకుండా ఇదివరకటికన్నా బాగా వాయిస్తున్నాడు. నేను వింటున్నట్టు చెప్పలేదు, చెబితే అదీ మానేస్తాడు. కుర్రతనంలో అందగాడని పేరు మోసినవాడు. బోసినోటితో నలుగురి ముందు నిలబడటం కన్నా చావే నయం అనుకునే రకం.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి ఉంది. కచేరీ రెండో సగంలో బ్యాండు నాయకుడు జనంలో ఉన్న పాత కళాకారుల్ని పేరు పెట్టి పిలుస్తాడు. పిలిస్తేనే వేదిక ఎక్కాలి. ఎక్కుతానని అడగడం సిగ్గుచేటు. పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు కనిపించడం ఇంకా సిగ్గుచేటు. మౌతార్గాన్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాణ్ణి మావాళ్ళు బిచ్చగాణ్ణి చూసినట్టు చూస్తారు. ఒకటేదైనా చొక్కా జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. పిలిచాక లేవకపోతే ఒక ఏడు ఊరుకుంటారు. రెండో ఏడు కూడా లేవకపోతే మూడో ఏడు పిలవరు. పోయిన ఏడు అన్నయ్య కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండిపోయాడు. ఇది రెండో ఏడు.

"ఈసారి కుదరకపోతే పెట్టె చర్చివాళ్ళ పాత సామాన్ల సంతకి ఇచ్చేస్తా," అన్నాడు ఆ పొద్దున్న కాఫీ తాగుతూ, పాత కోటు ఇచ్చేస్తానన్నంత తేలిగ్గా. బయల్దేరేటప్పుడు చూస్తే చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది.

మేము తిరిగి పార్కుకి వచ్చేసరికి ఎండ మండిపోతోంది. పక్క కుర్చీలో వర్నీస్ అప్పటికే వేయించిన చేపా స్పగెట్టీ ముందు పెట్టుకుని కూర్చుంది. లోరేనా బారులో కూడా ఆమెది అన్నయ్య పక్క స్టూలే. మూడు పెళ్ళిళ్ళు చేసుకుంది, మూడింటికీ మేము వెళ్ళాం.

"ఏం హోసియా, నోట్లో బంగారం ఏమైంది? అమ్ముకున్నావా?" అంది.

"దాచిపెట్టా. నీ నాలుగో పెళ్ళికి పెడదామని."

"అయితే తొందరగా తియ్యి. ఒక ముసలాయన దొరికేలా ఉన్నాడు. చర్చిలో రెండు వారాల్నుంచి నా వెనక వరసలోనే కూర్చుంటున్నాడు."

"చెవుడేమో, ముందుకి జరుగుతున్నాడు."

వర్నీస్ నవ్వి చేపముక్క తీసి అన్నయ్య చేతిలో పెట్టింది. అన్నయ్య దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, పక్క దవడతో నెమ్మదిగా నమిలాడు. వర్నీస్ అది గమనించింది గాని ఏమీ అనలేదు.

వార్డు కౌన్సిలరు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. బస్సులో అయితే తర్వాతి స్టాపులో దించేసేదాన్ని. ఆయన దిగాక బ్యాండు నాయకుడు థర్మన్ ఎక్కాడు.

థర్మన్, అన్నయ్య మిసిసిపీలో ఒకే వీధిలో పుట్టారు, ఒకే ఏడు రైలెక్కి ఈ ఊరొచ్చారు. థర్మన్ గిటారు వాయిస్తూ పాడతాడు, పాటలో ప్రతి వరసకీ అన్నయ్య మౌతార్గాన్‌తో జవాబు చెబుతాడు. రైలు మీద థర్మన్ కట్టిన పాట ఒకటుంది. ఏటా ఆ పాటకే అన్నయ్యని పిలుస్తాడు, ఏటా ఒకే శ్రుతిలో పాడతాడు. నలభై ఒక్క ఏళ్ళుగా అందులో మార్పు లేదు. మౌతార్గాన్‌కి గిటారులా శ్రుతి మార్చుకునే వీలుండదు. ఒక్కో శ్రుతికి ఒక్కోటి కావాలి, అందుకే వాయించేవాళ్ళు పెట్టె నిండా పెట్టుకుంటారు. అన్నయ్య జేబులో ఉన్నది ఆ రైలు పాటకి సరిపోయేది. ఒక్కటే.

థర్మన్ మొదటి పాట ఎత్తుకున్నాడు. అన్నయ్య మోకాలు తాళం వేయడం మొదలుపెట్టింది, అంతలోనే ఆగిపోయింది.

"దించేశాడు," అన్నాడు.

"ఏంటి దించింది?"

"శ్రుతి. రెండు మెట్లు దించేశాడు."

"ఈ ఒక్క పాటకేమో."

రెండో పాటా అంతే, మూడోదీ అంతే. నాకు తేడా తెలియలేదు. థర్మన్ హాయిగా పాడుతున్నాడు, జనం ఊగుతున్నారు. అన్నయ్య మాత్రం చేతులు కట్టుకుని, మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"రైలు పాట కూడా అక్కడే పాడతాడు. ఇది పనికిరాదు," అన్నాడు జేబు తడుముకుంటూ.

"ఇంటికెళ్ళి ఆ శ్రుతిది పట్టుకొస్తా. నాలుగు వీధులేగా. సంచిలో వేసుకొస్తే ఎవరికీ తెలీదు."

"అది ఎప్పుడో పాడైంది. మధ్యలో ఒక రంధ్రం పలకదు. వాయించనివాణ్ణి, కొత్తది ఎందుకు కొంటాను?"

ఆ మాట అంటున్నప్పుడు అన్నయ్య మొహంలో బాధ లేదు. పరీక్ష వాయిదా పడ్డ పిల్లాడి మొహంలా ఉంది. లేవకుండా ఉండటానికి కారణం దొరికింది, అదీ థర్మన్ చేసిన తప్పు వల్ల దొరికింది. నాకు ఒళ్ళు మండింది. పద్నాలుగు నెలలు గొట్టంలోంచి వచ్చే పాట వింటూ గుడ్లు వేయించుకున్నదాన్ని, చర్చి సంతలో ఆ పెట్టెని ఎవరో బేరమాడటం చూడలేను.

మధ్యలో విరామం ఇచ్చారు. బాత్రూముకి వెళ్ళొస్తానని చెప్పి, దారిలో థర్మన్‌కని ఒక పళ్ళెం చేప కొనుక్కుని వేదిక వెనక్కి వెళ్ళాను.

థర్మన్ వ్యాను తలుపు తీసి, మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి ఏదో తాగుతున్నాడు. దగ్గరికి వెళితే నిమ్మకాయ, తేనె వాసన వచ్చింది.

"రా జెల్లా. మీ అన్నయ్య వచ్చాడుగా, చూశాను. పోయినేడు లాగా కడుపునొప్పి రాలేదా?"

"శ్రుతి ఎందుకు దించావ్ థర్మన్?"

అతను చుట్టూ చూశాడు. బేస్ గిటారు వాయించే అమ్మాయి దూరంగా ఫోన్లో మాట్లాడుతోంది.

"వాడు చెప్పాడా?"

"మొదటి పాటకే చెప్పాడు."

"వాడి చెవులు తగలెయ్య," అన్నాడు థర్మన్, కాస్త గర్వంగానే. "చలికాలం నుంచీ గొంతు ఎక్కడం లేదు జెల్లా. పై వరసకి వెళ్ళేసరికి చీలిపోతోంది. రెండు మెట్లు దించితే ఎవరూ కనిపెట్టరు. నువ్వు కనిపెట్టావా?"

"లేదు."

"మరింకేం."

"అన్నయ్య జేబులో పాత శ్రుతిదొక్కటే ఉంది. నువ్వు కింద పాడితే లేవడు. ఈసారి లేవకపోతే పెట్టె ఇచ్చేస్తానంటున్నాడు. ఆ ఒక్క పాటకీ పాత శ్రుతికి ఎక్కించు."

"ఇంతమంది ముందు గొంతు చీలితే?"

అప్పుడు చెప్పేశాను. పళ్ళ సంగతి, టక్కుమనే చప్పుడు సంగతి, స్నానాల గది సంగతి. అన్నయ్య నన్ను నమ్మి చెప్పిన రహస్యం కాదది, నేను గొట్టంలోంచి విన్నది. అయినా చెబుతుంటే తప్పు చేస్తున్నట్టే అనిపించింది.

"అన్నయ్య పళ్ళు లేకుండా రావాలి. నువ్వు గొంతు లేకుండా పాడు. సరికి సరి," అన్నాను.

థర్మన్ నవ్వలేదు. నా చేతిలోని చేప పళ్ళెం తీసుకుని మెట్టు మీద పెట్టాడు. "చూద్దాంలే," అన్నాడు చివరికి. థర్మన్ చూద్దాంలే అన్నాడంటే కాదని చెప్పలేక అన్నాడనే అర్థం. ముప్పై ఏళ్ళ క్రితం నన్ను పెళ్ళి చేసుకునే విషయంలో కూడా ఆ మాటే అన్నాడు.

తిరిగొచ్చి కూర్చున్నాను.

"ఎక్కడికెళ్ళావ్?" అన్నాడు అన్నయ్య.

"బాత్రూముకి."

"బాత్రూము అటుంది. నువ్వు ఇటునుంచి వచ్చావ్."

నాకు అబద్ధాలు అతకవు. థర్మన్ దగ్గరికి వెళ్ళానని చెప్పాను. గొంతు పోయిందట, అందుకే దించాడట అన్నాను. అన్నయ్య నా వైపు తిరిగాడు.

"పాత శ్రుతికి ఎక్కమని అడిగావా?"

"అడిగాను."

"నా కోసం అడిగావా?"

"మరెవరి కోసం?"

"నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను వాణ్ణి అడగలేదు జెల్లా. నువ్వు వెళ్ళి నా పేరు చెప్పి ముష్టెత్తుకొచ్చావ్." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "పళ్ళ సంగతి కూడా చెప్పావా?"

నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

"సరే. ఇప్పుడు పేరు పెట్టి పదిసార్లు పిలిచినా లేవను," అని కుర్చీని నా నుంచి పక్కకి జరుపుకున్నాడు. వర్నీస్ మమ్మల్ని మార్చి మార్చి చూసి, ముందు ఎవరిని ఊరడించాలో తేలక ఇద్దరి చేతుల్లోనూ చెరో పీచ్ పండు పెట్టింది.

రెండో సగం మొదలైంది. ముందు ఈ ఏడాదిలో పోయినవాళ్ళ పేర్లు చదివారు. ఏడుగురు. లోరేనా బారు వాళ్ళు ఇద్దరున్నారు, అందుకే అన్నయ్య కుర్చీ మధ్యకి జరిగింది. తర్వాత థర్మన్ పిలవడం మొదలుపెట్టాడు. ఎనభై మూడేళ్ళ డ్రమ్ముల మనిషిని పిలిస్తే ఇద్దరు పట్టుకుని ఎక్కించారు, ఎక్కాక మాత్రం కుర్రాడిలా వాయించాడు. ఒక పాతకాలం గాయనిని పిలిచాడు. ఆమె రెండు పాటలు పాడి మూడోదానికి కూడా సిద్ధపడితే దించడం కష్టమైంది. అన్నయ్య పేరు రాలేదు.

"నిన్ను మర్చిపోయాడేంటి?" అంది వర్నీస్.

"మంచిదే," అన్నాడు అన్నయ్య. అన్నాడు గాని, చేతిలో పీచ్ పండు నలిగి రసం కారుతోంది.

నాకు నామీదే అసహ్యం వేసింది. నేను వెళ్ళకపోయి ఉంటే కనీసం పిలిచేవాడు. పిలిస్తే లేవకపోవడం వేరు, అసలు పిలవకపోవడం వేరు. దాన్ని నేనే చేతులారా చేశాను.

అప్పుడు థర్మన్ వెనక్కి తిరిగి బేస్ గిటారు అమ్మాయితో ఏదో చెప్పాడు. ఆమె నిజమేనా అన్నట్టు చూసింది. అతను తల ఊపాడు. రైలు పాట మొదలైంది, చక్రాలు కదిలినట్టుండే ఆ గిటారు నడక.

అన్నయ్య తల ఎత్తాడు. "ఎక్కించాడు," అన్నాడు.

థర్మన్ మొదటి వరస బాగానే పాడాడు. ఆ వరస తర్వాత మౌతార్గాన్ జవాబు చెప్పే చోటు ఉంటుంది. అన్నయ్య లేనప్పుడు ఆ చోటుని గిటారుతో నింపడం మామూలే, పోయిన ఏడు అలాగే నింపాడట. ఈసారి నింపలేదు. గిటారు మీంచి చెయ్యి తీసేశాడు. డ్రమ్ము ఒక్కటే మోగుతూ ఆ చోటు ఖాళీగా వెళ్ళిపోయింది.

రెండో వరస పైకి వెళ్ళాలి. థర్మన్ కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. గొంతు సగం దాకా వెళ్ళి పాత గుడ్డలా చిరిగింది. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. అతను ఆగలేదు. మళ్ళీ ఆ ఖాళీ చోటు వచ్చింది, మళ్ళీ చెయ్యి తీసేశాడు. మళ్ళీ అదే వరస ఎత్తుకున్నాడు, మళ్ళీ చీలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆరేడొందల మంది ఉంటారు, అందరూ చేతుల్లో విసనకర్రలు ఆపేశారు. థర్మన్ మాత్రం మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పేరు పలకలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తనకి పేరు తెచ్చిన పాటని తనే అందరి ముందూ పాడుచేసుకుంటూ, ఆ చోటుని మాత్రం ఖాళీగా వదులుతున్నాడు.

"గొంతు పూర్తిగా పోగొట్టుకుంటాడు వీడు," అన్నాడు అన్నయ్య. నాతో కాదు, తనలో తనే. తర్వాత నా వైపు చెయ్యి చాపాడు. "నీ రుమాలియ్యి."

ఇచ్చాను. పక్కకి తిరగలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పై పలక తీశాడు, కింది పలక తీశాడు, రెండూ రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి. వర్నీస్ చేప నోటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేసింది. బుగ్గలు లోపలికి పోయి, మా నాన్న మొహం వచ్చేసింది అన్నయ్యకి. ఆ మొహంతోనే లేచి, జనం అందరూ చూస్తుండగా మూడు మెట్లూ ఎక్కాడు. ఎవరూ పిలవలేదు. పిలవకుండా ఒక మనిషి ఆ వేదిక ఎక్కడం నేను అదే మొదటిసారి చూడటం.

జేబులోంచి మౌతార్గాన్ తీసి పక్క మైకు దగ్గర నిలబడ్డాడు. తర్వాతి ఖాళీ చోటు వచ్చింది. అన్నయ్య దాన్ని నింపాడు.

మా వంటింట్లో గొట్టం లోంచి విన్నదే. కాని గొట్టంలోంచి రావడం వేరు, ఆ పెట్టెల్లాంటి పెద్ద స్పీకర్లలోంచి పార్కు చివర చెట్ల దాకా వెళ్ళడం వేరు. థర్మన్ పై వరసకి సగం దాకా పాడి ఆపేశాడు. మిగతా సగం అన్నయ్య మౌతార్గాన్‌లో పాడాడు. తర్వాత పాటంతా అలాగే నడిచింది, కిందది థర్మన్, పైది అన్నయ్య. ఎవరూ అనుకుని చేసింది కాదు. జనం లేచి నిలబడ్డారు. నేను లేవలేదు, ఒళ్ళో పళ్ళున్నాయి. పైగా ఏడుస్తున్నాను. బస్సు నడిపినన్నాళ్ళూ నలుగురిలో ఏడవనిదాన్ని, ఆ రోజు వర్నీస్ భుజం తడిసేలా ఏడ్చాను.

పాట అయ్యాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆగాక థర్మన్ మైకు దగ్గరికొచ్చాడు.

"నేను పిలవలేదు. మీరందరూ సాక్ష్యం. ఈయన పిలవకుండా ఎక్కాడు," అన్నాడు. గొంతు బొంగురుపోయి గాలిలా వచ్చింది.

అన్నయ్య మైకు మీదికి వంగాడు. పళ్ళు లేక మాటలు నాలిక కింద జారిపోతున్నాయి. "నువ్వు పిలిచేదాకా కూర్చుంటే పాట బతికేలా లేదు," అన్నాడు.

పార్కంతా నవ్వింది. థర్మన్ కూడా నవ్వాడు. బోసినోటితో అన్నయ్య కూడా నవ్వాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

వేదిక దిగి వచ్చాక వర్నీస్ ఏమంటుందా అని చూశాను. "హోసియా, ఇలాగైతే చేప ముళ్ళు తీసి పెట్టాలి నీకు," అని, తీసి పెట్టింది. అన్నయ్య తిన్నాడు.

ఇంకా వెలుతురుండగానే ఇంటిదారి పట్టాం. రెండు కుర్చీలూ అన్నయ్యే మోశాడు. నామీద కోపం పోయిందో లేదో తెలియక నేను రెండడుగులు వెనకే నడిచాను.

"రేపు కొట్టు ఎన్నింటికి తీస్తారు?" అన్నాడు మూడో వీధి మలుపులో.

"ఏ కొట్టు?"

"వాయిద్యాల కొట్టు. వాడింక పై శ్రుతికి ఎక్కలేడు. వాడి శ్రుతిది కొత్తదొకటి కొనాలి."

"పదింటికి తీస్తారు," అన్నాను. తొమ్మిదింటికి బయల్దేరదామన్నాడు. పళ్ళు నా సంచిలోనే ఉన్నాయి, ఇంటికి వెళ్ళేదాకా అడగలేదు.